మందు మన దాకా రావడానికి అన్నేళ్లు ఎందుకు పడుతుంది?

(తళిలో జరిగిన క్రైస్తవ యువజన కూడికలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



తళి, దెంకణికోట, హోసూరు చుట్టుపక్కల పల్లెల్లో ఆరోగ్యం గురించి మాట్లాడిన ప్రతిసారీ మాకు రెండు ప్రశ్నలు ఎదురవుతున్నాయి. మొదటిది: "కరోనాకు ఏడాది తిరక్కుండా టీకా తెచ్చారు కదా, మరి టీబీకి, క్యాన్సర్‌కి కొత్త మందు రావడానికి ఇన్నేళ్లు ఎందుకు? కావాలనే ఆపుతున్నారా?" రెండోది దీనికి సరిగ్గా ఎదురు ప్రశ్న: "మందులన్నీ ముందు మనలాంటి పేదోళ్ల మీదే పరీక్షిస్తారంట కదా?" ఒకరు ఆలస్యాన్ని అనుమానిస్తున్నారు, ఇంకొకరు తొందరను అనుమానిస్తున్నారు. రెండు అనుమానాల్లోనూ కొంత నిజం ఉంది. ఎంత నిజమో, ఎక్కడ నిజమో తెలుసుకోకపోతే నష్టపోయేది మనమే. అందుకే ఈ పూట ఈ సంగతి మాట్లాడుకుందాం.

రాగి చేను, దానియేలు

మన ప్రాంతంలో రాగి పండించని ఊరు లేదు. ఎవరో వచ్చి కొత్త రాగి విత్తనం ఇచ్చి, "ఇది వేస్తే రెట్టింపు పండుతుంది" అన్నారనుకోండి. మీరు చేనంతా అదే వేశారు. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి, పంట బాగా వచ్చింది. ఆ గొప్పతనం విత్తనానిదా, వానదా? చెప్పలేం. తెలివైన రైతు ఏం చేస్తాడు? సగం చేనులో పాత విత్తనం, సగంలో కొత్తది వేస్తాడు. ఎరువు ఒకటే, నీరు ఒకటే, నేల ఒకటే. కోత కోశాక రెండూ కొలిచి చూస్తాడు. కోతకు ముందే కొలవడం ఎవరివల్లా కాదు. మందు పరీక్ష కూడా ఇంతే.

బైబిలు చదివే మనకు ఇది కొత్త కాదు. దానియేలు గ్రంథం మొదటి అధ్యాయం గుర్తు తెచ్చుకోండి. రాజు భోజనం వద్దని, పది రోజులు శాకాహారం, నీళ్లు ఇచ్చి, ఆ తరవాత రాజు భోజనం తిన్న యువకులతో పోల్చి చూడమని దానియేలు అడిగాడు. వైద్య చరిత్ర రాసేవాళ్లు చాలామంది పోల్చి చూసే పరీక్షకు పాత ఉదాహరణగా దీన్నే చెబుతారు. అందులో మూడు సంగతులున్నాయి. ఇంత కాలం అని ముందే చెప్పారు. రెండు గుంపులు ఉన్నాయి. ఫలితం చూసింది దానియేలు కాదు, వేరే మనిషి. ఈ రోజుకీ మంచి పరీక్షకు ఈ మూడూ కావాలి.

1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు చిగుళ్లు కుళ్లే స్కర్వీ రోగంతో ఉన్న 12 మంది నావికులను ఇద్దరిద్దరుగా విడదీసి ఆరు రకాల వైద్యాలు చేశాడు. నారింజ, నిమ్మ పండ్లు తిన్న ఇద్దరు తొందరగా కోలుకున్నారు. అయినా బ్రిటిష్ నౌకాదళం ఓడల్లో నిమ్మరసం తప్పనిసరి చేసింది 1795లో. పరీక్షకు కొన్ని రోజులు పట్టింది, దాన్ని ఆచరణలో పెట్టడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది. ఆలస్యాలన్నీ ఒకే రకం కావని ఇక్కడే తెలుస్తుంది. కొన్ని ప్రకృతి పెట్టేవి, కొన్ని మనుషులు పెట్టేవి.

సాక్ష్యం వేరు, పరీక్ష వేరు

మన సంఘాల్లో సాక్ష్యాలు చెప్పుకుంటాం. జబ్బు నయమైన వాళ్లు ముందుకొచ్చి మైకులో చెబుతారు, మనం దేవుణ్ణి స్తుతిస్తాం. అది మంచిదే. కానీ నయం కాని వాళ్లను ఎవరూ మైకు దగ్గరికి పిలవరు. మందుల విషయంలోనూ మనకు ఇదే అలవాటు. "ఫలానా ఆకు రసం తాగి మా మామకు కామెర్లు తగ్గాయి" అని ఒకరంటే ఊరంతా నమ్ముతుంది. కామెర్లలో చాలా రకాలు మందు లేకుండానే తగ్గుతాయి. ఆ రసం తాగి కూడా చనిపోయిన వాళ్ల లెక్క ఎవరి దగ్గరా ఉండదు.

క్లినికల్ ట్రయల్ అంటే నయమైన వాళ్లనీ, నయం కాని వాళ్లనీ, మధ్యలో మానేసిన వాళ్లనీ అందరినీ లెక్కపెట్టడం. ఎవరికి అసలు మందు, ఎవరికి పాత మందు లేదా ఉత్తుత్తి మందు అనేది చీటీలు తీసినట్టు నిర్ణయిస్తారు. డాక్టర్ తనకిష్టమైన వాళ్లకు కొత్త మందు, బాగా సుస్తీగా ఉన్నవాళ్లకు పాత మందు ఇస్తే లెక్క తప్పిపోతుంది. వీలైనచోట ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ తెలియనివ్వరు, డాక్టర్‌కీ తెలియనివ్వరు.

ఈ పని మెట్లుమెట్లుగా సాగుతుంది. ముందు ప్రయోగశాలలో, తరవాత జంతువుల మీద. ఆ తరవాత మొదటి దశలో కొన్ని పదుల మందికి ఇచ్చి, మందు ఒంటికి పడుతుందా, ఎంత మోతాదు వరకు తట్టుకోగలరు అని చూస్తారు. రెండో దశలో కొన్ని వందల మంది రోగులకు ఇచ్చి, జబ్బు మీద పని చేస్తోందా అని చూస్తారు. మూడో దశలో వందల నుంచి వేల మందికి ఇచ్చి, ఇప్పుడున్న వైద్యంతో పోలుస్తారు. అనుమతి వచ్చాక కూడా నాలుగో దశలో గమనిస్తూనే ఉంటారు. మొత్తానికి పది, పదిహేనేళ్లు పట్టడం మామూలే. మొదటి దశలో అడుగుపెట్టిన పది మందుల్లో చివరి దాకా వచ్చేది సుమారు ఒకటి. మిగిలిన తొమ్మిదీ పరీక్షలో రాలిపోతాయి. అవి రాలిపోవాలనే కదా పరీక్ష పెట్టింది!

జబ్బుకు దాని కాలం దానికుంది

అసలు కారణాల్లోకి వద్దాం. మొదటిది, జబ్బు మన తొందరను బట్టి నడవదు.

టీబీనే తీసుకోండి. మన ఊళ్లలో టీబీ తెలియని ఇల్లు అరుదు. ఒకప్పుడు టీబీ వస్తే శానిటోరియంలో నెలల తరబడి ఉండాల్సిందే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం పేరు మీ ఇళ్లలో పెద్దవాళ్లు వినే ఉంటారు. మిషనరీ సంఘాలు కలిసి 20వ శతాబ్దం మొదట్లో కట్టిన శానిటోరియం అది. కానీ దేశంలో రోగులు లక్షల్లో, పడకలు వేలల్లో. అప్పుడు 1956లో మద్రాసులో ఒక పరీక్ష మొదలైంది. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి కలిసి చేశాయి. మద్రాసు పేటల్లోని 193 మంది పేద రోగులను తీసుకుని, కొందరికి శానిటోరియంలో, కొందరికి ఇంటి దగ్గరే ఏడాది పాటు ఒకే మందులు ఇచ్చారు. ఇరుకు గుడిసెల్లో, చాలీచాలని తిండితో ఉన్నవాళ్లకు కూడా ఇంటి దగ్గరి వైద్యం దాదాపు అంతే బాగా పనిచేసిందని 1959లో ప్రకటించారు.

అంతటితో అయిపోయిందా? లేదు. తగ్గిన జబ్బు తిరగబెడుతుందేమో! ఇంట్లో ఉన్న భార్యాబిడ్డలకు అంటుకుంటుందేమో! ఈ ప్రశ్నలకు జవాబు ఎంత డబ్బు పోసినా మర్నాడు రాదు. అందుకని రోగులనూ, వాళ్ల కుటుంబాలనూ ఐదేళ్లు గమనించారు. ఇంటి దగ్గర వైద్యం వల్ల కుటుంబానికి అదనపు ముప్పు లేదని తేలింది. ప్రపంచమంతటా శానిటోరియాల కాలం ముగియడానికి ఈ పరీక్ష ఒక పెద్ద కారణం. ఈ రోజు మనవాళ్లు ఇంట్లోనే ఉండి టీబీ మందులు మింగుతున్నారంటే, దాని వెనుక ఆ మద్రాసు పేదల ఐదేళ్ల ఓపిక ఉంది.

ఇంకొకటి వినండి. బీసీజీ టీకా పెద్దవాళ్లకు ఊపిరితిత్తుల టీబీ రాకుండా ఆపుతుందా అని తేల్చడానికి 1968లో చెంగల్పట్టు జిల్లాలో పరీక్ష మొదలుపెట్టారు. సుమారు 2 లక్షల 60 వేల మంది అందులో ఉన్నారు. టీకా వేసిన మర్నాడే ఎవరికీ టీబీ రాదు, కొందరికి పదేళ్లకు రావచ్చు. అందుకే 15 ఏళ్లు గమనించారు. పూర్తి ఫలితాల వ్యాసం అచ్చయింది 1999లో. ఏం తేలింది? పెద్దవాళ్లలో ఊపిరితిత్తుల టీబీని ఆ టీకా ఆపలేదని తేలింది. పసిపిల్లలకు మెదడుకు సోకే టీబీ లాంటి ప్రమాదకరమైన రూపాల నుంచి రక్షణ ఇస్తుంది కాబట్టి ఇప్పటికీ పుట్టగానే వేస్తున్నాం. అన్నేళ్ల శ్రమకు "పనిచేయదు" అనే జవాబు వచ్చింది. ఆ జవాబు కూడా కావలసినదే. లేకపోతే పనిచేయని దానిమీద ఆశ పెట్టుకుని కూర్చునేవాళ్లం.

లెక్క తేలాలంటే మనుషులు కావాలి

రెండో కారణం సంఖ్య. ఒక మందు వల్ల వెయ్యి మందిలో ఒకరికి ప్రమాదం వస్తుందనుకుందాం. వంద మందికి ఇచ్చి చూస్తే అది కనబడకపోవచ్చు. కనీసం ఒక్కసారైనా కనబడుతుందని 95 శాతం నమ్మకం కలగాలంటే సుమారు 3 వేల మందికి ఇవ్వాలి. ఒక్కరే కదా అనకండి. అదే మందు కోటి మందికి ఇస్తే ఆ ఒక్కరు పదివేల మంది అవుతారు.

టీకాల విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు టీకా వేసి, వాళ్లలో ఎవరికి జబ్బు వస్తుందో అని ఎదురుచూడాలి. పసిపిల్లలకు ప్రాణాంతకమైన విరేచనాలు తెచ్చే రోటా వైరస్ టీకా కథ చూడండి. 1985-86లో ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ ఎం.కె. భాన్, ఆయన బృందం పుట్టిన బిడ్డల్లో ఒక రకం వైరస్‌ను గుర్తించారు. అది సోకినా ఆ బిడ్డలకు విరేచనాలు రాలేదు. దాని నుంచే టీకా తయారుచేయవచ్చని ఆలోచన పుట్టింది. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ ఆ టీకాను తయారుచేసింది. మూడో దశ పరీక్ష 2011లో ఢిల్లీ, పుణె, వేలూరుల్లో 6,799 మంది పసిపిల్లలతో మొదలైంది. వేలూరులో ఆ పని చేసింది మనవాళ్లు వైద్యానికి వెళ్లే సీఎంసీ ఆసుపత్రే. మొదటి ఏడాదిలో తీవ్రమైన రోటా విరేచనాలను టీకా సుమారు 56 శాతం తగ్గించిందని 2013లో ప్రకటించారు. 2016లో ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో చేరింది. మొదటి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

వైరస్ కనబడ్డ రోజు నుంచి బిడ్డ నోట్లో చుక్క పడే దాకా 30 ఏళ్లు. ఇందులో మూడో దశ పరీక్షకు పట్టింది రెండు మూడేళ్లే. మిగతా కాలమంతా పరిశోధనకు, తయారీకి, చిన్న పరీక్షలకు, వాటన్నిటికీ డబ్బు సమకూర్చుకోవడానికి పోయింది. పేద దేశాల బిడ్డల జబ్బు కాబట్టి డబ్బు పెట్టేవాళ్లు వెతికితే గాని దొరకలేదు.

న్యాయమైన ఆలస్యం, అన్యాయమైన ఆలస్యం

సామాజిక న్యాయం కోరే మనం ఇక్కడ ఆగి ఆలోచించాలి. పంట పండడానికి నాలుగు నెలలు పడితే అది ప్రకృతి. విత్తనం కొనే డబ్బు లేక పొలం బీడు పడితే అది ప్రకృతి కాదు.

రిఫాంపిసిన్ అనే టీబీ మందు 1960ల చివర్లో వాడకంలోకి వచ్చింది. ఆ తరవాత పూర్తిగా కొత్త రకం టీబీ మందు బెడాక్విలిన్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది 2012 చివర్లో. మధ్యలో నలభై ఏళ్లు! ఆ నలభై ఏళ్లూ పరీక్షల్లో గడవలేదు. టీబీ వచ్చేది ఎక్కువగా పేదలకు. పేదల మందులో లాభం తక్కువ. కాబట్టి కంపెనీలు దాని జోలికి పోలేదు, ప్రభుత్వాలు చాలినంత పట్టించుకోలేదు. "మందు ఎందుకు ఆలస్యం?" అని ఎవరైనా అడిగితే, "పరీక్ష వల్లనా, పట్టించుకోకపోవడం వల్లనా?" అని మనం తిరిగి అడగాలి.

ఆఫీసు ఫైళ్ల వల్లే ఆలస్యం అని కొందరంటారు. మన దేశంలో 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం, ఇక్కడే కనుగొన్న మందు పరీక్షకు దరఖాస్తు పెడితే 30 పనిదినాల్లో తేల్చాలి. బయట కనుగొన్నదైతే 90 పనిదినాలు. పదేళ్ల ప్రయాణంలో ఇది చిన్న ముక్క. పెద్ద ముక్క వేరే ఉంది. పరీక్షలో చేరేవాళ్లు దొరకాలి, చేరినవాళ్లు చివరిదాకా రావాలి. కూలికి పోయేవాడు నెలకోసారి పని మానుకుని ఆసుపత్రికి రావాలంటే ఆ రోజు కూలి ఎవరిస్తారు? బస్సు చార్జీ ఎవరిస్తారు? చాలినంతమంది దొరక్క మధ్యలోనే ఆగిపోయే పరీక్షలు ప్రపంచమంతటా ఉన్నాయి.

కరోనా ఏం నేర్పింది?

మరి కరోనాకు ఎలా కుదిరింది? 2020 మార్చిలో బ్రిటన్‌లో రికవరీ అనే పరీక్ష మొదలైంది. దేశంలోని ఆసుపత్రులన్నిటినీ కలిపారు, నియమాలు సులువుగా పెట్టారు, ఒకేసారి అనేక మందులు పరీక్షించారు. డెక్సామెథాసోన్ అనే చవకైన పాత మందు వెంటిలేటర్ మీదున్న రోగుల మరణాలను మూడో వంతు తగ్గించిందని జూన్ 16కే చెప్పారు. ప్రపంచమంతా ఎగబడి వాడిన హైడ్రాక్సీక్లోరోక్విన్ ఆసుపత్రిలోని రోగులకు ఉపయోగపడలేదని అంతకు ముందే, జూన్ 5న చెప్పారు. మూడు నెలలు! ఎలాగంటే, రోగులు వేలల్లో ఉన్నారు. ఫలితం, అంటే బతకడమో చావడమో, 28 రోజుల్లో తేలిపోతుంది. డబ్బు ప్రభుత్వమే ఇచ్చింది. టీకాల విషయంలోనూ దశలను ఒకదాని మీద ఒకటి వచ్చేలా నడిపారు, ఫలితం రాకముందే తయారీ మొదలుపెట్టారు. టీబీకి ఇలా పూర్తిగా కుదరదు, ఎందుకంటే టీబీ నిదానంగా నడిచే జబ్బు. కానీ డబ్బు, ఆసుపత్రుల ఐకమత్యం మాత్రం టీబీకి కూడా ఇవ్వవచ్చు. ఇవ్వడం లేదు. అదే మన ఫిర్యాదు.

కరోనా కాలంలోనే ఇంకో పాఠం కూడా ఉంది. కోవాగ్జిన్ మూడో దశ పరీక్షలో 25,800 మంది చేరారు. ఆ పరీక్ష ఫలితం రాకముందే 2021 జనవరి 3న అత్యవసర వాడకానికి అనుమతి ఇచ్చారు. తరవాత వచ్చిన ఫలితం మంచిదే, సుమారు 78 శాతం రక్షణ అని తేలింది. అయినా ఫలితానికి ముందే అనుమతి ఇవ్వడం వల్ల ఎంతోమందిలో అనుమానం పుట్టింది. మంచి టీకాకు కూడా తొందర వల్ల చెడ్డపేరు రాగలదు.

తొందరపడితే ఎవరు మూల్యం చెల్లిస్తారు?

1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అనే నిద్రమందు అమ్మకానికి వచ్చింది. గర్భిణులకు వేవిళ్లు తగ్గుతాయని కూడా వాడారు. గర్భంలోని బిడ్డకు ఏమవుతుందో సరిగా పరీక్షించలేదు. 1961లో దాన్ని వెనక్కి తీసుకునే సరికి ప్రపంచమంతటా 10 వేలకు పైగా బిడ్డలు చేతులు, కాళ్లు సరిగా ఎదగకుండా పుట్టారు. అమెరికాలో ఫ్రాన్సిస్ కెల్సీ అనే అధికారిణి, కంపెనీ ఎంత ఒత్తిడి చేసినా "ఆధారాలు చాలవు" అంటూ ఫైలు ఆపింది. ఆమె పెట్టిన ఆలస్యం వేల మంది బిడ్డలను కాపాడింది.

అంత దూరం ఎందుకు? మన తెలుగు నేలకే వద్దాం. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో, 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఆపే హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన అధ్యయనం అది. వాళ్లలో చాలామంది హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన, పేద పిల్లలు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. కానీ 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక బయటపెట్టిన లెక్క వినండి. పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు ఉన్నాయి, 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. తల్లిదండ్రులు బతికుండగా వార్డెన్ సంతకం! ఆ తండ్రిని అడగడానికి అడవి గూడెం దాకా నడవాలి, ఆయన భాషలో చెప్పాలి, ఆయన ఆలోచించుకునే దాకా ఆగాలి. వాళ్లు మిగుల్చుకున్న కాలం అదే.

ఇక్కడ ఒక మాట నిజాయతీగా చెప్పాలి. హెచ్‌పీవీ టీకా మంచి టీకా. ఖమ్మం గొడవ తరవాత, దేశంలో అదే టీకా మీద వేరేగా జరుగుతున్న ఇంకో పరీక్షను కూడా మధ్యలో ఆపేశారు. దాంతో మూడు డోసులు అందాల్సిన కొందరు అమ్మాయిలకు ఒక్కటే అందింది. పరిశోధకులు వాళ్లను విడిచిపెట్టకుండా పదేళ్ల దాకా గమనించారు. ఒక్క డోసు కూడా బాగా కాపాడుతోందని 2021లో తేలింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసును ఒప్పుకోవడానికి ఉన్న ఆధారాల్లో ఈ భారతీయ అమ్మాయిల లెక్క కూడా ఉంది. టీకా మంచిదైనంత మాత్రాన, అడగకుండా వేయడం న్యాయం అయిపోదు. అలాగే అన్యాయంగా వేసినంత మాత్రాన టీకా చెడ్డదైపోదు. ఈ రెండు మాటలూ కలిపి చెప్పగలిగినప్పుడే మన ఊళ్లకు మేలు.

మన ఒంటికి వెల కట్టేటప్పుడు

ఇప్పుడు మీకు దగ్గర సంగతి. 2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్ల నుంచి పేద మహిళలను హైదరాబాద్‌కు తీసుకెళ్లి, డబ్బు ఆశ చూపి రొమ్ము క్యాన్సర్ మందు వాళ్ల మీద పరీక్షించారన్న సంగతి బయటపడి గొడవ అయింది. 2017లో కరీంనగర్ ప్రాంతపు యువకులు డబ్బు కోసం బెంగళూరు దాకా వెళ్లి మందుల పరీక్షల్లో పాల్గొని జబ్బుపడ్డారని పత్రికల్లో వచ్చింది. అంత దూరం నుంచి వాళ్లు వచ్చారంటే, బెంగళూరు పక్కనే ఉన్న మన మాటేమిటి? ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని పోయినప్పుడు, చెల్లి పెళ్లికి అప్పు తీర్చాల్సినప్పుడు, "మూడు రోజులు పడుకుంటే వేలల్లో ఇస్తారు" అని ఎవరైనా అంటే మనసు లాగుతుంది.

వెళ్లకూడదని మేము చెప్పడం లేదు. ఎవరూ చేరకపోతే ఏ మందూ రాదు. 1948లో అమెరికాలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ రక్త క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ ఇచ్చినట్టు ప్రకటించారు. ఆ మందు తయారైంది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు బృందం చేతుల్లో. పది మంది పిల్లలు కొంతకాలం తేరుకున్నారు, తరవాత జబ్బు తిరగబెట్టింది. కానీ అక్కడి నుంచి పరీక్ష మీద పరీక్షగా దశాబ్దాలు సాగి, ఈ రోజు మంచి వైద్యం అందే దేశాల్లో పిల్లలకు ఎక్కువగా వచ్చే రక్త క్యాన్సర్ నుంచి పదింట తొమ్మిది మంది బయటపడుతున్నారు. చేరడం గొప్ప పనే. తెలిసి చేరాలి, ఇష్టపడి చేరాలి, హక్కులతో చేరాలి.

కాబట్టి ఎవరైనా పిలిస్తే ఈ ప్రశ్నలు అడగండి:

1. ఈ పరీక్ష భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదైందా? నంబరు ఎంత? 2009 జూన్ 15 నుంచి మందుల ట్రయల్స్‌కు నమోదు తప్పనిసరి. ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడవచ్చు. కంపెనీలు ఆరోగ్యవంతుల మీద చేసే కొన్ని రకాల అధ్యయనాలు అందులో కనబడకపోవచ్చు. అప్పుడు ప్రభుత్వ అనుమతి పత్రం చూపించమనండి.

2. ఎథిక్స్ కమిటీ ఒప్పుకుందా? ఆ కమిటీవాళ్లతో మాట్లాడాలంటే ఎవరికి ఫోన్ చేయాలి?

3. సమ్మతి పత్రం నాకు అర్థమయ్యే భాషలో ఉందా? నా కాపీ నాకిస్తారా?

4. పరీక్ష వల్ల నాకు ఏమైనా అయితే ఉచితంగా వైద్యం చేయిస్తారా? నష్టపరిహారం ఎవరిస్తారు? ఈ రెండూ చట్టం ఇచ్చిన హక్కులు.

5. నాకు వద్దనిపిస్తే మధ్యలో మానేయవచ్చా? మానేయవచ్చు. దానివల్ల మీకు అందే మామూలు వైద్యం ఆగకూడదు.

మూడో ప్రశ్న మన ప్రాంతానికి మరీ ముఖ్యం. తళిలో ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, బడిలో తమిళం. తెలుగు మాట్లాడతాం గాని చదవలేని వాళ్లు మనలో ఎంతమంది! తమిళం చదవగలిగినా ఆసుపత్రి తమిళం అర్థం కాని అమ్మలు ఎంతమంది! అర్థం కాని కాగితం మీద పెట్టిన సంతకాన్ని సమ్మతి అనలేం. "మా అమ్మకు తెలుగులో చదివి చెప్పండి, నిదానంగా చెప్పండి, రేపు వచ్చి జవాబిస్తాం" అనే ధైర్యం మీకు ఉండాలి. ఆ ఒక్క రోజు ఆలస్యం మీ హక్కు.

మనం చేయగలిగింది

యువతీ యువకులారా, ఇది డాక్టర్ల పని, మనకెందుకు అనుకోకండి. 2019 నియమాల ప్రకారం ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి. సగం మంది ఆ సంస్థకు బయటివాళ్లై ఉండాలి. ఒక సామాన్య వ్యక్తి ఉండాలి, ఒక మహిళ ఉండాలి, న్యాయం తెలిసినవారు ఉండాలి. సామాజిక శాస్త్రవేత్తో, స్వచ్ఛంద సంస్థ ప్రతినిధో, వేదాంతం చదివినవారో ఒకరు ఉండాలని కూడా చెప్పారు. అంటే మనలాంటి వాళ్లకు చట్టమే కుర్చీ వేసింది. చదువుకున్న పాస్టర్లు, సంఘంలోని ఉపాధ్యాయులు, లాయర్లు ఆ కుర్చీలో కూర్చోవడానికి సిద్ధపడాలి.

నర్సింగ్, ఫార్మసీ చదివే అమ్మాయిలు, అబ్బాయిలు మన సంఘాల్లో చాలామంది ఉన్నారు. మీ ఊరివాళ్ల చేతిలో ఆసుపత్రి కాగితం కనబడితే కూర్చుని తెలుగులో చదివి చెప్పండి. అది కూడా పరిచర్యే. టీబీ మందులు మొదలుపెట్టిన వాళ్లు మధ్యలో మానకుండా చూడండి. ఆరు నెలలు మింగమన్నారంటే, ఎంతోమంది రోగులను ఏళ్ల తరబడి గమనించాకే ఆ లెక్క తేలింది. ప్రార్థన చేయండి, మందూ మింగండి. రెండింటికీ గొడవ లేదు.

వాట్సాప్‌లో వచ్చిన ప్రతి అద్భుత వైద్యాన్నీ పంచకండి. "ఎంతమందికి ఇచ్చారు? ఎవరితో పోల్చారు? నయం కాని వాళ్లెంతమంది?" అని మూడు ప్రశ్నలు అడగండి. ఓట్లడిగే నాయకులు వచ్చినప్పుడు, పేదల జబ్బులకు పరిశోధన డబ్బు ఎందుకు చాలడం లేదో కూడా అడగండి.

మందు రావడానికి కాలం పడుతుంది. పంట పండేంత కాలం మనం ఆగుదాం. అడగడానికి, చెప్పడానికి, అర్థం చేసుకోవడానికి పట్టే కాలాన్ని ఎవరూ కోసేయకుండా కాపలా కాద్దాం. పేదల జబ్బు కదా అని పక్కన పడేసే ఆలస్యం మీద మాత్రం ఊరుకోవద్దు, గొంతెత్తుదాం.